చంద్రమ్మ ముక్కు

మా ఇంటి ఓనరు చంద్రమ్మ ముక్కు గురించి లాల్‌దర్వాజాలో మా గల్లీ పొడుగునా తెలియనివాళ్ళు లేరు. చూడ్డానికి అదేమంత గొప్ప ముక్కు కాదు. కాస్త చప్పిడిగా, చిన్నగా, ఎడమవైపు ఎర్రరాయి పుల్లతో ఉంటుంది. మొదట్లో నేను చంద్రమ్మ గారూ అని పిలిస్తే "గారూ గీరూ ఏంది బిడ్డా" అని నవ్వేది. అందుకే ఇక్కడ కూడా గారు లేకుండానే రాస్తున్నాను.

మాది తణుకు వైపు. మావారికి బదిలీ అయి ఇక్కడికొచ్చాం, నాకు ఈ చుట్టుపక్కలే ఒక స్కూల్లో ఉద్యోగం దొరికింది. చంద్రమ్మ ఇంటి పైవాటాలో దిగిన మొదటి వారంలోనే నాకు ఆ ముక్కు పరిచయమైంది. నేను కందిపొడికి పప్పు వేయిస్తూ ఫోన్ మాట్లాడుతున్నాను. కింద వాకిట్లోంచి చంద్రమ్మ గొంతు వినబడింది, మంట తగ్గించమని, అడుగంటుతోందని. మూకుడులో చూస్తే నిజంగానే నాలుగు గింజలు నల్లబడుతున్నాయి. నాకు ఒళ్ళు మండింది. అద్దె ఇస్తున్నది ఇంటికే కదా, ఈవిడ నా పోపులపెట్టెలో కూడా కాపురం పెట్టిందేమిటి అనుకున్నాను. నెల తిరక్కుండానే నెయ్యి కాస్తూ "చంద్రమ్మా, దించేయొచ్చా" అని మెట్ల మీంచి నేనే అడగడం మొదలుపెట్టాను.

ఆమె పుట్టింది ఛత్రినాకలో. తండ్రి కారం పట్టే గిర్నీలో పనిచేసేవాడు. ఆ ఘాటులో పెరిగిన పిల్లకు ముక్కు మొద్దుబారాలి, ఈమెకేమో పదునెక్కింది. పెళ్ళయి లాల్‌దర్వాజా వచ్చాక సర్కారు దవాఖానలో ఆయాగా చేరి, రిటైరయ్యేదాకా అక్కడే పనిచేసింది. పుండు చెడిపోతుంటే కట్టు విప్పకముందే ఆమె ముఖం చూసి నర్సులు పసిగట్టేవారట. ఈ మాట ఆమె చెబితే సగమే నమ్మాను. ఆమె భర్త రాజన్న చెబితే పూర్తిగా నమ్మాను. కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరైన ఆ మనిషి పెళ్ళాన్ని పొగడటం నేను విన్నది ఆ ఒక్క విషయంలోనే.

ఇలాంటి ముక్కు ఊరికే ఉంటుందా, గల్లీ దానికో పని అప్పజెప్పింది. ఎవరింట్లో గ్యాస్ బండ మార్చినా చంద్రమ్మను పిలవాల్సిందే. బండ తెచ్చినవాడు రెగ్యులేటర్ బిగించి, ఒక గిన్నెలో సబ్బునీళ్ళు ఇవ్వమ్మా, బుడగలు వస్తాయేమో చూస్తానంటే, "ఎందుకు భాయ్, మాకు చంద్రమ్మ ఉంది" అని పంపించేసేవాళ్ళు. వాడికీ అదే కావాలి, ఇంకా పది ఇళ్ళు తిరగాలి. చంద్రమ్మ వచ్చి, కొంగు నడుముకు చెక్కి, బండ మూతి దగ్గర వంగి, రెండుసార్లు గట్టిగా పీల్చి "ఏం లేదు" అనేది. ఆ రెండు మాటలతో ఇంటివాళ్ళు అగ్గిపుల్ల గీసేవాళ్ళు. మా అత్తగారు ఊళ్ళో ఇల్లు మారితే సిద్ధాంతిని పిలిచినంత నమ్మకంగా పిలిచేవాళ్ళు ఈమెను.

ఊరికే వచ్చిన పేరు కూడా కాదది. ఒకసారి మూడిళ్ళ అవతల పైపు చిట్లింది. చంద్రమ్మ కూరగాయల సంచితో వీధిలో పోతూ పసిగట్టి, లోపలికి దూరి, ఆ ఇంటావిడ లైటు స్విచ్చి మీద వేసిన చేతిని పట్టుకొని బయటికి లాక్కొచ్చిందట. కిటికీలు తీయించి, బండను తనే ఈడ్చుకొచ్చి వాకిట్లో పెట్టిందట. ఆ కథ గల్లీలో ఏటేటా పెరుగుతూ వచ్చింది. ఆమె మాత్రం వింటున్నప్పుడల్లా కొత్తగా వింటున్నట్టే కూర్చునేది. ఆ పేరు ఆమెకు ఒంటిమీది బంగారం కంటే ఎక్కువ.

అలాంటి ముక్కు పోయింది. కరోనా రెండోసారి వచ్చినప్పుడు జ్వరంతో పడకేసి లేచిన చంద్రమ్మకు ఊదుబత్తి వాసన తెలియలేదు, పోపు వాసన తెలియలేదు. చాలామందికి పోయి మళ్ళీ వచ్చింది కదా, నాకూ వస్తుందిలే అనుకుంది. రాలేదు. ఏళ్ళు గడిచాయి. ఇదంతా అప్పుడు మాకెవరికీ తెలియదు, చాలా తర్వాత మెట్ల మీద కూర్చొని ఆమే నాకు చెప్పింది. ఎందుకు దాచావని అడిగితే, మొదట్లో చెప్పడానికి సిగ్గయింది, తర్వాతేమో ఇన్నాళ్ళు చెప్పలేదే అని సిగ్గయింది అంది. రెండో సిగ్గు మొదటిదానికంటే చాలా బరువట.

ఎలా నెట్టుకొచ్చిందో వింటే నవ్వొస్తుంది, ఆ వెంటనే నవ్వినందుకు బాధేస్తుంది. నెయ్యి రంగు చూసి చెప్పేది. పాలు విరిగాయో లేదో అడిగినవాళ్ళ ముఖం చూసి చెప్పేది. బండ దగ్గరికి పిలిస్తే వంగి పీల్చే ముందు, ఇంట్లోవాళ్ళు ముక్కు చిట్లిస్తున్నారా అని ఓరకంట చూసేది. ఎవరూ ఏమీ అనకపోతే ఏం లేదనేది. ఏదో వస్తోందని ఎవరైనా అంటే రెగ్యులేటర్ విప్పి మళ్ళీ బిగించమనేది. అన్నేళ్ళూ ఏ ఇంట్లోనూ ఏమీ కాలేదు. అదే ఆమెకు ధైర్యమైపోయింది.

ఏడాదిలో ఒక్క రోజు మాత్రం ఆమె నిశ్చింతగా ఉండేదట. ఆషాఢంలో మా బోనాలనాడు. అమ్మవారి బోనం వండేటప్పుడు ఆ వాసన ముందుగా మనం పీల్చకూడదని ముక్కూ నోరూ కలిపి గుడ్డ కట్టుకుంటారు. ఆ రోజు ఆమె దగ్గరికొచ్చి వాసన చూడమని ఎవరూ అడగరు. గుడ్డ వెనకాల మనసారా ఏడ్చుకుంటూ వండేదాన్నని చెప్పింది. పొగకేమో అనుకునేదాన్ని నేను.

ఇక అసలు సంగతి. కింద వెనక వాటాలో డానియేలు వాళ్ళుంటారు. డానియేలు బస్సు డిపోలో మెకానిక్, భార్య అమల ఇంట్లోనే మిషను కుడుతుంది. వాళ్ళకు ఒక్కతే కూతురు షారోన్, మూడో క్లాసు. అమల చేతిపని చూసి తీరాలి. వంటగట్టు కింద బండ కనబడకుండా ముగ్గుల కుట్టుతో పరదా వేసింది. ఆ పరదా చూసి నాకూ ఒకటి కుట్టమని అడిగాను.

శ్రావణంలో మూడురోజుల ముసురు పట్టింది. గల్లీలో మోకాలి కిందిదాకా నీళ్ళు. అమల వాళ్ళ బండ అయిపోయింది. రోజూ వచ్చే మనిషి కాకుండా ఎవరో కొత్తవాడు వచ్చి, వానకు లోపలికి రాకుండానే గేటు దగ్గర బండ దించి పోయాడు. డానియేలు డ్యూటీలో ఉన్నాడు. అమల తనే దొర్లించుకొచ్చి, సీలు తీసి, రెగ్యులేటర్ బిగించుకుంది. ఆమెకేమో జలుబు, రెండు రోజులుగా నోటితో ఊపిరి తీస్తోంది. అనుమానంగా ఉందని చంద్రమ్మను పిలిచింది.

నేను స్కూలునుంచి వచ్చి గొడుగు మూస్తున్నాను. చంద్రమ్మ అమల గుమ్మంలోంచి బయటికొస్తోంది. ఏం లేదు కదా పెద్దమ్మా అని అమల లోపల్నుంచి అడిగింది.

"ఏం లేదు బిడ్డా. కొత్త బండ పెట్టినప్పుడు జర గట్లనే అనిపిస్తది" అంది చంద్రమ్మ, నావైపు చూడకుండా నడిచిపోతూ.

నేను పైకెళ్ళి టీ పెట్టుకున్నాను. కప్పులో పోసుకోలేదు ఇంకా, కింద దుప్పటి గట్టిగా దులిపినట్టు ఒక చప్పుడైంది. ఆ వెనకే అమల అరుపు. మెట్లు ఎలా దిగానో నాకు తెలియదు. పరదా భగభగా మండుతోంది. వానకు కిటికీలన్నీ వేసి ఉన్నాయి. షారోన్ వంటింటి గడప దగ్గర కొయ్యబారి నిలబడి ఉంది, నుదుటి మీది వెంట్రుకలు కమిలి ముడుచుకుపోయాయి. అప్పటికే రాజన్న తడిపిన గోనెసంచితో లోపలికి దూరాడు. మంట మీద గోనె కప్పి, దాని కిందినుంచే చేయి పెట్టి రెగ్యులేటర్ మూశాడు. ఎవరూ ఏ స్విచ్చీ ముట్టొద్దని అరుస్తూ బండను వాకిట్లో వానలోకి లాగాడు.

అమల కుడిచేయి మోచేతి కిందినుంచి మణికట్టుదాకా కాలింది. చంద్రమ్మ ఆమెను నీళ్ళ డ్రమ్ము దగ్గర కూర్చోబెట్టి చెంబు మీద చెంబు పోస్తూనే ఉంది. ఎదురింటావిడ పళ్ళపేస్టు తెస్తే విసిరికొట్టింది. ఆమె పెదవులు తెల్లబడ్డాయి. భయపడిందనుకున్నాను. భయం కాదని తర్వాత తెలిసింది.

గ్యాస్ ఆఫీసు మనిషి వచ్చి చూశాడు. రబ్బరు ముక్కలూ పైపూ మాడిపోయాయి కాబట్టి ఎక్కడ కారిందో చెప్పలేనన్నాడు. గ్యాస్‌కు సొంత వాసన ఉండదమ్మా, కారితే మీకు తెలియాలనే వాసన కలిపి పంపుతారు, మరి మీకెవరికీ రాలేదా అని అడిగాడు. చంద్రమ్మ లోపలికి వెళ్ళిపోయింది. గాలికంటే బరువు కాబట్టి అది నేలమీదే పరుచుకొని పరదా వెనక నిలబడిపోయి ఉంటుందని, బండకు గాలాడాలని, పరదాలు అసలు కట్టకూడదని చెప్పి వాడు వెళ్ళాడు. ఆ తర్వాత గల్లీ అంతా జాగ్రత్తలు చెప్పడానికి వచ్చింది. పడుకునేముందు రెగ్యులేటర్ మూయాలని ఒకరు, బండ ఎప్పుడూ నిలువుగానే ఉంచాలని ఒకరు, ఖాళీదైనా సరే మూత పెట్టాలని ఇంకొకరు. ముందు ఏనాడూ ఎవరికీ గుర్తురాని జాగ్రత్తలన్నీ కాలిన చేతితో కూర్చున్న మనిషికి వరసగా చెప్పిపోయారు. నాకు మాత్రం అందరి మీదా చిరాకేసింది.

డానియేలు చెడ్డవాడు కాదు. కూతురి నుదుటి మీద కమిలిన వెంట్రుకలు చూశాక ఆ మనిషికి బుర్ర పనిచేయలేదు. అతను తన లెక్క తను కట్టాడు. పెద్దమ్మ వచ్చి చూసింది, ఏం లేదంది. పెద్దమ్మ ముక్కు తప్పదు. అంటే ఆమె పోయాక అమలే పొయ్యి నాబ్ తిప్పి వదిలేసి, లైటర్ కోసం వెతుక్కుంటూ నిలబడింది. అంతసేపూ గ్యాస్ కారింది. అమల నిర్లక్ష్యానికి బిడ్డ పోయేది. ఈ లెక్కలో ఎవరికీ తప్పు కనబడలేదు, నాతో సహా. అమల కాదని ఒకసారి అంది, రెండుసార్లు అంది. ఎవరూ వినకపోయేసరికి ఊరుకుంది.

చంద్రమ్మ పనిచేసిన దవాఖానలోనే మందు రాసి, కట్టు కట్టి, రోజు విడిచి రోజు రమ్మన్నారు. వానలో అంతదూరం ఎందుకు, నేనే కడతానంది చంద్రమ్మ. రోజూ వేడినీళ్ళతో చేతులు కడుక్కొని, దూదీ గాజుగుడ్డా పట్టుకొని వెనక వాటాకు వెళ్ళేది. అన్నం వండి పెట్టేది, గిన్నెలు తోమేది. అమల వద్దంటే కసిరేది. గల్లీ ఆమె మంచితనాన్ని మెచ్చుకుంది. కట్టు కడుతున్నప్పుడే డానియేలు డ్యూటీనుంచి వచ్చేవాడు, వచ్చీ రాగానే అమలను అనడం మొదలుపెట్టేవాడు. చంద్రమ్మ తల వంచుకొని గుడ్డ చుడుతూ ఉండేది. ఆ మాటలు ఒక్కొక్కటీ తన వీపు మీద పడుతున్నట్టే ఉండేదట. అయినా నోరు పెగల్లేదు. ఇప్పుడు చెబితే, ఇన్నాళ్ళూ నువ్వు చూసి ఏం లేదన్న ఇళ్ళ సంగతేంటి అని గల్లీ అడుగుతుంది.

ఆ మధ్యలో ఒకరోజు పొద్దున్న రాజన్న ఆమెను కూర్చోబెట్టి అడిగాడు. నీకు వాసన రాదని నాకెరుకే అన్నాడు. ఎట్లా ఎరుక అని ఆమె ఎదురుతిరిగింది. మాడిన పప్పు ఇన్నేళ్ళు మాట్లాడకుండా తిన్నానని, అంతకంటే ఎట్లా తెలుస్తుందని అన్నాడట ఆయన. చంద్రమ్మకు సిగ్గు రావాల్సిన చోట కోపం వచ్చింది. ఎరుకైతే ఆ రోజే ఎందుకు చెప్పలేదని నిలదీసింది.

"నువ్వు పోయి చూసొచ్చినవని నాకు ఆ రోజు తెల్వదు. తెలిసిన కాడికెల్లి నువ్వే చెప్తవని చూస్తున్న" అన్నాడు రాజన్న. "నేను చెప్పుడు కాదు చంద్రా. గా పిల్ల ముఖం చూసి నువ్వు చెప్పాలె."

చెబుతానంది. ఆ రోజు చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు. రాజన్న ఆమెతో కలిసి అన్నం తినడం మానేశాడు. పళ్ళెం తీసుకొని అరుగు మీదికి పోయేవాడు.

ఆదివారం డానియేలు షారోన్‌ను ఉప్పల్‌లో ఉన్న వాళ్ళక్క ఇంటికి తీసుకెళ్తానన్నాడు. కొన్నాళ్ళు అక్కడే ఉంటుందని, స్కూలు కూడా అటే చూస్తానని చెప్పాడు. తల్లి దగ్గర బిడ్డను వదిలి డ్యూటీకి పోవడానికి తనకు ధైర్యం చాలదన్నాడు. అమల అడ్డం చెప్పలేదు. ఎడమచేత్తో కూతురికి తల దువ్వబోయింది, దువ్వెన జారిపోయింది. చంద్రమ్మ ఆ దువ్వెన తీసుకొని పిల్లను ముందు కూర్చోబెట్టుకుంది. కమిలిన వెంట్రుకలు రిబ్బను కిందికి సర్ది రెండు జడలు వేసింది. షారోన్ గేటు దాకా వెనక్కి తిరిగి చూస్తూ పోయింది. నేను మెట్ల మీంచి చూశాను. చంద్రమ్మ ఇంకా ఆ దువ్వెన పట్టుకొనే నిలబడి ఉంటే, పెద్దావిడ మనసు మెత్తన అనుకున్నాను.

ఆ సాయంత్రం నేను గిన్నెలో చారు పట్టుకొని అమల దగ్గరికి వెళ్ళాను. చంద్రమ్మ కట్టు మార్చడానికి కూర్చుంది. ఇల్లు బోసిపోయి ఉంది. మిషను మీద సగం కుట్టిన జాకెట్ అలాగే పడి ఉంది. చంద్రమ్మ పాత కట్టు నీళ్ళతో తడిపి మెల్లగా విప్పుతోంది. అమల ఎవరివైపూ చూడకుండా మాట్లాడింది.

"పెద్దమ్మా, లైటర్ చేతిల పట్టుకున్నంకనే నాబ్ తిప్పినట్టు నాకు యాదికుంది. ఎతుక్కున్నట్టు యాదికి లేదు. కని ఆయన అన్నిసార్లు అంటుంటే, ఎతికిన్నేమో అనిపిస్తుంది. నా మతి మీద నాకే నమ్మకం పోయింది. షారోన్‌ను తోలుకపోవుడే మంచిదేమో."

కట్టు పూర్తిగా ఊడొచ్చింది. పుండు చాలాచోట్ల ఆరుతోంది కానీ మణికట్టు దగ్గర రూపాయి బిళ్ళంత మేర పచ్చిగా, తడిగా ఉంది. అమల కూడా చూసింది. చేయి పైకెత్తి చంద్రమ్మ ముఖం దగ్గరగా పెట్టింది.

"గీడ పచ్చిగుంది. చెడిపోతుందా ఏంది? వాసన చూడు పెద్దమ్మా, నీ ముక్కుకు తెలుస్తది."

చంద్రమ్మ అలవాటుకొద్దీ వంగింది. సగంలో ఆగిపోయింది.

"నాకు వాసన వస్తలేదు" అంది.

అమల ఊపిరి పీల్చుకుంది. వస్తలేదా, అయితే మంచిదే, పుండు మానుతుందన్నమాట అని చిన్నగా నవ్వింది. ఇన్ని రోజుల్లో ఆమె నవ్వగా నేను చూడటం అదే. నేనూ హమ్మయ్య అనుకున్నాను. చంద్రమ్మ అప్పటికే ఒకసారి చచ్చి చెప్పింది, ఇప్పుడు రెండోసారి చెప్పాల్సి వచ్చింది. అక్కడే వదిలేసినా ఎవరికీ తెలిసేది కాదు. వదిలేద్దామనే అనిపించిందని తర్వాత నాతో చెప్పింది కూడా.

"పుండుకు వాసన లేదని కాదు బిడ్డా. నాకే రాదు. కరోనాల పోయింది, మళ్ళ రాలే. ఆ రోజు నీ బండ కాడ వంగిన గని నాకేం తెల్వలే. ఇజ్జత్ పోతదని ఏం లేదన్న. నువ్వు లైటర్ ఎతకలే. నువ్వేం మరువలే. బండ ముందుగాల్నుంచే కారుతుండొచ్చు. నీ తప్పు లేదు."

నా చేతిలో చారు గిన్నె కింద పెట్టడం మర్చిపోయి నిలబడ్డాను. మొదట నమ్మలేదు, తర్వాత కోపం ముంచుకొచ్చింది, చంద్రమ్మ ముఖం చూశాక ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మనిషి సిగ్గుతో చితికిపోవడం అంటే ఏమిటో అప్పుడు చూశాను. తల ఎత్తడం లేదు, ఏడవడం లేదు, ఒళ్ళో చేతులు పెట్టుకొని దెబ్బ కోసం ఎదురుచూస్తున్నదానిలా కూర్చుంది.

అమల అరవలేదు. చాలాసేపు తన చేతినే చూసుకుంది.

"వాసన రాదని గా రోజు ఒక్కమాట అంటే అయిపోతుండె. సబ్బునీళ్ళు పోసి చూసుకుంటుంటి" అంది. చంద్రమ్మ అవునన్నట్టు తలూపింది. "చెయ్యి కాలినందుకు గాదు పెద్దమ్మా. ఆయన రోజూ నన్ను అంటుంటే నువ్వు గీడనే కూసున్నవ్. గీ చేతికే మందు రాసుకుంట విన్నవ్. నా బిడ్డకు జడేసి తోలిచ్చినవ్."

చంద్రమ్మ క్షమించమని కూడా అనలేకపోయింది. అంత పెద్దావిడ, నా కళ్ళముందు, ఆ పిల్ల ముందు నేలకు కుంగిపోతుంటే నాకు అక్కడ నిలబడాలనిపించలేదు, వెళ్ళిపోవాలనీ అనిపించలేదు.

అమల ఎడమచేత్తో ఫోన్ తీసి డానియేలుకు కలిపింది. ఎత్తగానే ఏమీ చెప్పకుండా ఫోన్ చంద్రమ్మ చెవి దగ్గర పెట్టింది. చంద్రమ్మ చెప్పింది. ఈసారి తడబడుతూ, మధ్యలో ఆగుతూ, ముందు చెప్పినదాంట్లో ఏదీ తగ్గించకుండా చెప్పింది. నాబ్ సంగతి, లైటర్ సంగతి, తన ముక్కు సంగతి. అటునుంచి కూతురు ఎవరితోనో ఆడుకుంటూ కేకలేస్తున్న చప్పుడు మాత్రం నాక్కూడా వినబడింది. చివరికి డానియేలు, షారోన్‌ను తోలుకొస్తున్నా, అమలకు చెప్పమని చెప్పి పెట్టేశాడు.

చంద్రమ్మ ఫోన్ కింద పెట్టి, కళ్ళు కొంగుతో తుడుచుకొని, పని మిగిలిపోయిందన్నట్టు మందు గొట్టం మూత తీసింది. అమల చేయి వెనక్కి తీసుకుంది. దురుసుగా కాదు, మెల్లగానే. మందు గొట్టం కూడా చంద్రమ్మ వేళ్ళలోంచి తీసుకొని తనే రాసుకుంది. గాజుగుడ్డ కొస పళ్ళతో పట్టుకొని ఎడమచేత్తో చుట్టుకోవడం మొదలుపెట్టింది. రెండు చుట్లు తిరగ్గానే జారింది. మళ్ళీ మొదటినుంచి చుట్టింది. నేను ముందుకు కదిలితే వద్దని తల అడ్డంగా ఊపింది. చంద్రమ్మ ఖాళీ చేతులతో అక్కడే కూర్చొని ఆ వంకర కట్టు పూర్తయ్యేదాకా చూసింది.

ముడి వేసుకున్నాక అమల నావైపు తిరిగింది.

"సుచరితక్కా, రేపు నాతోని దవాఖానకు వస్తవా? నాకు గా గదులు గిట్ల తెల్వయ్" అంది.

ఆ దవాఖానలో ప్రతి గదీ తెలిసిన మనిషి మా ఇద్దరి మధ్యా కూర్చొని ఉంది. వస్తానన్నాను.